ఉప్పునీటి స్వభావము
జహీరాబాదు రైతులు తెలిసికొనదగిన కొన్ని విషయములు

ఇటీవల మేము జహీరాబాదు ప్రాంతమున పర్యటించుచుండగా, ఝరాసంగం మార్గమున ఒక టీ దుకాణము వద్ద కొందరు రైతులు కూర్చుండి సంభాషించుచుండిరి. అల్లము ధర, ఆలుగడ్డ విత్తనము, చెరకు బకాయిలు మొదలగు విషయములైన పిదప మాట కర్మాగారముల మీదికి మళ్లినది. వారిలో పెద్దవాడొకడు మమ్ము చూచి, "సారూ, ఫ్యాక్టరీల నుంచి వచ్చేది ఉప్పునీళ్లే గదా! మరిగిస్తె ఆవిరైతది, ఉప్పు కిందుంటది. అంత సులువైన పనికి అన్ని కోట్ల మిషన్లెందుకు? మాకు సమజైతలేదు" అని అడిగెను.

ప్రశ్న చిన్నది, సమాధానము పెద్దది. పైగా అది కేవలము కుతూహలము తీర్చుకొనుటకు వేసిన ప్రశ్న కాదు. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలములలో 12,635 ఎకరముల విస్తీర్ణమున జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి స్థాపించుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో తుది అనుమతి నొసంగినది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము దేశమున ఆమోదించిన పండ్రెండు పారిశ్రామిక నగరములలో జహీరాబాదును కూడ చేర్చినది. కర్మాగారములు వచ్చిన పనులు వచ్చును; వానితోపాటు వాడిన నీరును వచ్చును. ఆ నీటిలో కరగియుండు లవణముల స్వభావ మెట్టిదో, వానిని వేరుచేయుట ఎందువలన కష్టమో గ్రామస్థులు ఎరిగియుండుట మేలు. కావున ఆ రైతు ప్రశ్నకు మాకు తెలిసినంతవరకు ఇచట సమాధానము వ్రాయుచున్నాము.

బెల్లపు పొయ్యి వద్ద మొదటి పాఠము

జహీరాబాదు సముద్రమట్టమునకు దాదాపు 620 మీటర్ల ఎత్తున నున్నది. అందువలన ఇచట మంచినీరు 100 డిగ్రీల వద్ద గాక సుమారు 98 డిగ్రీల వద్దనే మరుగును. ఎత్తు పెరిగినకొలది గాలి ఒత్తిడి తగ్గుటయే దీనికి కారణము.

చెరకు రసమును కాచి బెల్లము వండినవారికి మరియొక సంగతి అనుభవమున తెలియును. పెనములోని రసము మొదట నీటివలెనే మరుగును. చిక్కబడినకొలది వేడి పెరుగుచు పోవును. పాకము అచ్చులకు దింపునప్పటికి అది 115 డిగ్రీలు దాటి యుండును. మంట పెంచకపోయినను వేడి పెరుగుట కేమి కారణము? నీటిలో కరగిన చక్కెర నీటిని పట్టియుంచుచున్నది. ఆవిరిగా పోనిచ్చుట లేదు. అది పోవలెనన్న ఇంకను ఎక్కువ వేడి కావలెను.

ఉప్పు కూడ ఇట్లే చేయును. వంద గ్రాముల నీటిలో దాదాపు 36 గ్రాముల వంట ఉప్పు కరగును. అంతకు మించి వేసిన అడుగున నిలుచును. ఇట్లు నిండుగా ఉప్పు కరగిన నీరు సముద్రతీరమున 108 డిగ్రీలు దాటిన పిమ్మటగాని మరుగదు. జహీరాబాదులో 106 డిగ్రీలు దాటవలెను. క్యాల్షియం క్లోరైడు అను లవణము కరగిన నీరైనచో, బాగుగా చిక్కబడిన పిదప 150 డిగ్రీల వేడిలో కూడ పూర్తిగా ఎండదు. కరగిన పదార్థము నీటి ఆవిరి ఒత్తిడిని తగ్గించుననియు, ఎంత కరగిన అంత తగ్గుననియు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రౌల్టు 1880 దశకమున ప్రయోగములు చేసి నిరూపించెను.

ఉప్పు కుండ చెమర్చుట

ఈ సంగతినే మన ఇండ్లలోని ఉప్పు కుండ మరొక విధముగా చెప్పుచున్నది. వానాకాలమున కల్లుప్పు చెమర్చి, కుండ అడుగున నీరూరుట మన తల్లులందరు ఎరిగినదే. ఆ నీరు గాలినుండి వచ్చినది. ఉప్పు గాలిలోని తేమను తనవైపు లాగుకొన్నది.

శుద్ధమైన వంట ఉప్పు, గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటినప్పుడే నీరు లాగుకొనును. అంతకంటె పొడిగాలిలో అది పొడిగానే యుండును. అయితే సముద్రపు ఉప్పులో కొద్దిగ మెగ్నీషియం క్లోరైడు కూడ కలసియుండును. దీని ఆశ మిక్కిలి ఎక్కువ. తేమ నూటికి 33 పాళ్లున్నను అది నీరు లాగుకొని కరగిపోవును. రెండు లవణములు కలసియున్న చోట, ఏ ఒక్కటి విడిగా నున్నను చెమర్చనంత పొడిగాలిలోనే ఆ మిశ్రమము చెమర్చుట మొదలిడును. ఒక దొంగకు మరియొక దొంగ తోడైనట్లు, రెండు లవణములు కలసి నీటిని ఇంకను గట్టిగా పట్టుకొనును. శుద్ధి చేసిన పొడి ఉప్పు కంటె కల్లుప్పు ఎక్కువగా చెమర్చుటకు ఇదియే ముఖ్య కారణము.

ఈ ఉప్పు కుండ పాఠమును పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

జాతరలో జనమువలె

నీటిలో వేసిన ఉప్పు కంటికి కనబడకుండ పోవుచున్నది. అది ఎచటికి పోయినది? వంట ఉప్పు నీటిలో రెండు ముక్కలుగా విడిపోవును. ఒకటి సోడియము, రెండవది క్లోరైడు. సోడియమునకు ధన విద్యుత్తు, క్లోరైడునకు ఋణ విద్యుత్తు ఉండును. ఇట్టి ముక్కలను అయానులందురు. ఈ సంగతిని స్వీడను దేశస్థుడు అర్హీనియసు 1880 దశకమున ప్రతిపాదించినపుడు పెద్దలు నమ్మలేదు. తరువాత 1903లో అతనికే నోబెల్ బహుమానము లభించినది.

ప్రతి అయాను తన చుట్టు కొన్ని నీటి అణువులను చేర్చుకొని తిరుగుచుండును. నీరు ఎక్కువగా, ఉప్పు తక్కువగా నున్నపుడు అయానులు ఒకదానికొకటి దూరముగా నుండును. అపుడు లెక్క సులభము. ఉప్పు రెట్టింపు చేసినచో ఫలితము కూడ రెట్టింపగును.

ఉప్పు చిక్కబడినపుడు ఈ లెక్క తప్పును. ఝరాసంగములో కేతకీ సంగమేశ్వర స్వామి ఆలయమునకు మామూలు దినమున వెళ్లినవాడు తన ఇచ్చవచ్చినట్లు నడచును. మహాశివరాత్రి నాడు వెళ్లినవాడు తన ఇచ్చకొలది నడువలేడు. ముందువాడు, వెనుకవాడు, పక్కవాడు ఎటు కదలిన అటు కదలవలసినదే. నిండుగా ఉప్పు కరగిన నీటిలో ఒక్కొక్క ఉప్పు జంటకు మిగులునది తొమ్మిది నీటి అణువులు మాత్రమే. అనగా ఒక్కొక్క అయానుకు నాలుగైదు. ఒక్క మెగ్నీషియము అయానే తన చుట్టు ఆరు నీటి అణువులను గట్టిగా పట్టియుంచును. అట్టి చోట స్వేచ్ఛగా తిరుగు నీరు ఎంత మిగులును? ఎవరి పక్కన ఎవరున్నారన్నదానిని బట్టి ఫలితము మారిపోవును.

అందుచేత చిక్కటి మిశ్రమ లవణముల విషయమున శాస్త్రజ్ఞులు చాలకాలము శ్రమించిరి. 1923లో డిబై, హ్యూకెలు అను ఇరువురు పలుచటి ద్రావణములకు సూత్రము కనుగొనిరి. చిక్కటి వానికి అది చాలలేదు. అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు కెన్నెత్ పిట్జరు 1973లో, రెండేసి అయానుల నడుమను, మూడేసి అయానుల నడుమను జరుగు ఆకర్షణ వికర్షణలను లెక్కలోనికి తీసికొను సమీకరణములను ప్రకటించెను. సముద్రజలము, ఉప్పు కయ్యలు, కర్మాగారముల మురుగు మొదలైన వానిలో ఏ లవణము ఎపుడు పేరుకొనునో లెక్కించుటకు ఆ సమీకరణములు నేటికిని వాడుకలో నున్నవి. వేడికిని, శక్తికిని, పదార్థమునకును గల సంబంధమును తెలుపు ఈ విద్యను ఉష్ణగతిక శాస్త్రమందురు.

ఉప్పు మడులలోని క్రమము

మన రైతు చెప్పినట్లు ఉప్పునీటిని ఎండగట్టి ఉప్పు తీయు పని కోస్తా తీరమున తరతరములుగా సాగుచున్నదే. శ్రీకాకుళం జిల్లా నౌపడ, బాపట్ల జిల్లా చినగంజాము ఇందుకు ప్రసిద్ధములు. కాని అచటి పనివారిని అడిగిన, అది కేవలము ఎండగట్టుట మాత్రమే కాదని చెప్పుదురు.

సముద్రపు నీరు కిలోకు సుమారు 35 గ్రాముల లవణములు కరగి యుండును. అందు వంట ఉప్పు ప్రధానము. మెగ్నీషియము, క్యాల్షియము, పొటాషియము, సల్ఫేటు కూడ ఉండును. ఈ నీటిని ఒక మడి నుండి మరియొక మడికి మార్చుచు ఎండబెట్టుదురు. నీటి చిక్కదనమును బోమే డిగ్రీలలో కొలుచు పరికరముండును. సముద్రపు నీరు సుమారు మూడున్నర డిగ్రీలు చూపును. మొట్టమొదట సున్నపు పదార్థము విడిపోవును. 13 డిగ్రీల ప్రాంతమున జిప్సము పేరుకొనుట మొదలగును. 25 డిగ్రీల వద్ద వంట ఉప్పు స్ఫటికములు కట్టును. 29, 30 డిగ్రీలు వచ్చుసరికి మిగిలిన నీటిని బయటకు విడిచివేయుదురు. ఏలయన ఆ నీటిలో మెగ్నీషియము లవణములు కూడుకొనియుండును. అవి ఉప్పుతో కలసిన ఉప్పు చేదెక్కును, చెమర్చును.

ఇందు గమనింపదగిన విశేషములు రెండు. మొదటిది, ఒక లవణము సమక్షమున మరియొక లవణము కరగు శక్తి మారును. జిప్సము మంచినీటిలో లీటరుకు రెండు, రెండున్నర గ్రాములకు మించి కరగదు. ఉప్పునీటిలో దాదాపు మూడు రెట్లు కరగును. మరల ఉప్పు ఇంకను చిక్కబడిన పిమ్మట తగ్గును. నిండుగా ఉప్పు కరగిన నీటిలో మెగ్నీషియం క్లోరైడు కలిపినచో, క్లోరైడు ఎక్కువై, కరగియున్న వంట ఉప్పు తెల్లగా క్రిందికి దిగిపోవును.

రెండవ విశేషము, చివరి నీరు ఎండకు లొంగదు. మంచినీరు తేమతో నిండని ఎట్టి గాలిలోనైనను ఎంతో కొంత ఆవిరియగును. నిండు ఉప్పునీరు, గాలిలో తేమ 75 పాళ్లున్నపుడు ఆవిరియగుట మానును. తేమ అంతకు మించినచో ఆవిరియగుటకు మారుగ నీటిని లాగుకొనును. మెగ్నీషియం క్లోరైడు చిక్కబడిన నీరు తేమ 33 పాళ్లకు తగ్గిన ఎండకాలపు మధ్యాహ్నములందు మాత్రమే ఎండును. జహీరాబాదులో వానకాలపు గాలి తేమ తరచు 75 పాళ్లు మించును. కనుక కర్మాగారపు చిక్కటి నీటిని గుంటలలో నింపి ఎండకు వదలినచో ఏప్రిల్, మే మాసములలో కొంత తగ్గును; జులై, ఆగస్టులలో గాలి తేమను లాగుకొని, వాననీటితో కలసి గట్టు దాటును. ఉప్పు కుండ పాఠ మిదియే.

మరిగించుటకు అగు ఖర్చు

"మరిగిస్తె పోదా?" అని మన రైతు అడిగెను. పోవును. కాని ఖర్చు చూడవలెను.

30 డిగ్రీల వేడిగల కిలో నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు సుమారు 68 కిలోకేలరీల వేడి చాలును. మరుగుచున్న ఆ కిలో నీటిని ఆవిరిగా మార్చుటకు మాత్రము సుమారు 540 కిలోకేలరీలు కావలెను. మొత్తము 610 ననుకొందము. వెయ్యి లీటర్లకు ఆరు లక్షల పదివేలు. ఎండు కట్టెలు కిలోకు సుమారు 3,500 కిలోకేలరీల వేడి ఇచ్చును. ఇసుమంతయు నష్టము లేకుండ కాల్చినను వెయ్యి లీటర్లకు 170 కిలోల పైబడి కట్టెలు కావలెను. సగము వేడి వ్యర్థమగు పొయ్యి యైనచో 350 కిలోలు. ఇది వెయ్యి లీటర్లకు మాత్రమే. ఒక్క మధ్యతరగతి కర్మాగారము నుండియే దినమునకు లక్ష లీటర్ల వాడిన నీరు రావచ్చును.

ఈ ఖర్చు తగ్గించు ఉపాయము చెరకు పరిశ్రమ నుండియే వచ్చినది. అమెరికాలోని లూసియానాలో నార్బర్ట్ రిల్లియూ అను ఇంజనీరు 1840 దశకమున చెరకు రసము కాచుటకు ఒక యంత్రమును కల్పించెను. మొదటి పాత్రలో రసము మరిగి వచ్చిన ఆవిరిని వ్యర్థము చేయక, దానితోనే రెండవ పాత్రను కాచును. రెండవదాని ఆవిరి మూడవదానిని కాచును. ముందున్న పాత్రకంటె తరువాతి పాత్రలో గాలి ఒత్తిడి తగ్గించి యుంచుటచే అది తక్కువ వేడిమి వద్దనే మరుగును. మూడు పాత్రలున్నచో కిలో ఆవిరితో దాదాపు రెండున్నర కిలోల నీటిని తొలగింపవచ్చును. నేడు కర్మాగారముల మురుగును ఎండబెట్టు యంత్రములకు ఇదియే మూలము.

అయితే లవణములు ఇచటనే అడ్డుపడును. మొదటి పాత్రకు ఇచ్చు ఆవిరి 120 డిగ్రీలు, చివరి పాత్ర నుండి వచ్చు ఆవిరి 60 డిగ్రీలు అనుకొందము. నడుమ 60 డిగ్రీల తేడా యున్నది. మూడు పాత్రలకు పంచిన ఒక్కొక్కదానికి 20 డిగ్రీలు. వేడి ప్రవహించునది ఈ తేడా వల్లనే. చిక్కటి ఉప్పునీరు ప్రతి పాత్రలోను 8 డిగ్రీల చొప్పున మ్రింగివేసినదనుకొనుడు. 24 డిగ్రీలు పోయి 36 మిగిలినవి. పాత్రకు 12 డిగ్రీలు. అంతే పని చేయవలెనన్న గొట్టముల వైశాల్యమును ఒకటిన్నర రెట్లకు మించి పెంచవలెను. పాత్రల సంఖ్య పెంచిన ఆవిరి కలిసివచ్చును గాని, ఈ నష్టము కూడ పాత్ర పాత్రకు పెరుగును.

దీనికి తోడు గొట్టముల లోపల రాయి కట్టును. బోరు నీరు కాచిన పాత్రలో తెల్లని పొర పేరుకొనుట అందరికి తెలిసినదే. క్యాల్షియం సల్ఫేటు వేడినీటిలో తక్కువగా కరగును గనుక, అత్యధికముగా వేడియగు గొట్టము గోడమీదనే పేరుకొనును. సోడియం సల్ఫేటు మరియొక విధమైనది. 32 డిగ్రీల ప్రాంతమున వంద గ్రాముల నీటిలో దాదాపు 50 గ్రాములు కరగును; పది డిగ్రీలకు చల్లబరచిన తొమ్మిది గ్రాములే కరగును. అట్టి నీరు శీతకాలపు రాత్రి గొట్టములో నిలిచినచో తెల్లవారుసరికి గడ్డకట్టి గొట్టము మూసికొనును. ఒక కర్మాగారపు నీటిలో క్యాల్షియము, మరియొక కర్మాగారపు నీటిలో సల్ఫేటు ఉన్నచో, విడివిడిగా రెండును నిర్మలముగనే కనబడును; ఒక తొట్టిలో కలిపిన మరుక్షణము జిప్సము దిగును. బిందు సేద్యపు ట్యాంకులో క్యాల్షియం నైట్రేటును, మెగ్నీషియం సల్ఫేటును కలిపి పోసి, గొట్టముల చిల్లులు మూసికొనగా చింతించిన రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ రెంటిని వేరు వేరు దినములలో వదలుట మంచిది.

పొర ద్వారా వడకట్టుట

మరిగించుట ఇంత ఖర్చుతో కూడినది గనుక, మొదట సన్నని పొరల గుండ నీటిని ఒత్తిడితో వడకట్టుదురు. గ్రామములలోని మంచినీటి కేంద్రములలో నున్న ఆర్వో యంత్రములు ఇట్టివే. నీరు పొర దాటును, ఉప్పు ఆగును. అయితే ఉప్పు నీటిని వెనుకకు లాగుచుండును. ఆ లాగుడును మించి ఒత్తిడి కలిగింపవలెను. సముద్రపు నీటికి ఈ లాగుడు, 270 మీటర్ల ఎత్తు నీటి స్తంభము కలిగించు ఒత్తిడితో సమానము. నిండుగా ఉప్పు కరగిన నీటికైనచో దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తు నీటి స్తంభముతో సమానము. సాధారణపు పొర అంత ఒత్తిడికి చినిగిపోవును.

ఈ లెక్కయే విద్యుత్తులో చెప్పవచ్చును. ఎంత నేర్పుగల యంత్రమైనను, ప్రకృతి నియమము ననుసరించి, సముద్రజలము నుండి వెయ్యి లీటర్ల మంచినీరు విడదీయుటకు ముప్పాతిక యూనిట్టు విద్యుత్తు తప్పదు. నిండు ఉప్పునీటి నుండి విడదీయుటకు 11 యూనిట్లు తప్పదు. వాస్తవముగా యంత్రములకు పట్టునది దీనికి అనేక రెట్లు. చివరి బొట్టు తీయుట మొదటి బొట్టు తీయుటకంటె ఎంత కష్టమో దీనివలన స్పష్టము.

అందుచే రెండు పద్ధతులను జతపరుతురు. వెయ్యి లీటర్ల మురుగులో పది కిలోల లవణములున్నవనుకొందము. పొరల ద్వారా 800 లీటర్లు తీసివేసినచో మిగిలిన 200 లీటర్లలో ఆ పది కిలోలును ఉండును. ఆ 200 లీటర్లను మాత్రమే మరిగింతురు. చివరకు మిగులు తడి ఉప్పును వేరొక యంత్రమున ఎండబెట్టుదురు. చుక్క నీరైనను బయటకు వదలని ఈ విధానమునే శూన్య విసర్జన పద్ధతి యందురు.

పటాన్‌చెరువు నేర్పిన పాఠము

ఇంత శ్రమ అవసరమా యని కొందరు అడుగవచ్చును. ఇందుకు సమాధానము దూరమున లేదు. జహీరాబాదు నుండి హైదరాబాదు పోవు దారిలోనే యున్నది.

పటాన్‌చెరువు, బొల్లారము ప్రాంతములలో 1970 దశకము మొదలు ఔషధ, రసాయన కర్మాగారములు వెలసినవి. వాని మురుగు నక్కవాగున చేరి, వాగు వెంబడి పొలములు, బావులు చెడిపోయినవి. నక్కవాగు మంజీరలో కలియును. 1990లో ఈ విషయము సర్వోన్నత న్యాయస్థానము ముందుకు వెళ్లినది. 1994లో అచట ఉమ్మడి శుద్ధి కర్మాగారము ఏర్పడినది. అయితే సూక్ష్మజీవుల సహాయముతో శుద్ధిచేయు కర్మాగారము, కుళ్లు పదార్థమును హరింపగలదు గాని కరగిన లవణములను తీసివేయలేదు. సూక్ష్మజీవులు ఉప్పును తినవు. పైగా ఉప్పు హెచ్చైన ఆ జీవులకే ప్రాణాపాయము. మురుగు దుర్గంధము పోయి తేటగా కనబడినను ఉప్పు అందులోనే యుండును. పలుచటి నీటిని చిక్కటి నీటితో కలిపి వదలిన ఉప్పు బరువు తగ్గదు; పలుచబడి నలుమూలల వ్యాపించును.

పొలమునకు ఉప్పునీరు చేసెడి హాని కూడ పైన చెప్పిన లాగుడు వల్లనే. మొక్క వేరు నేలనుండి నీటిని లాగుకొనవలెను. నేలలోని నీటిలో ఉప్పు హెచ్చైన, ఆ నీరు వేరుకు లొంగదు. మడి తడిగా నున్నను పైరు వాడును. ఎరువు మొదలంటుగా ఎక్కువ వేసిన మొక్క మాడుటయు ఇదే కారణముచేత. నల్లరేగడిలో సోడియము చేరిన మట్టి కణములు విడిపోయి, నేల గట్టిపడి, నీరింకుట మానును. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు లవణములున్న నీరు సేద్యమునకు నిరపాయమనియు, 2,000 దాటిన తీవ్రమైన చిక్కులు కలుగుననియు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సూచించినది. త్రాగునీటికి భారతీయ ప్రమాణము 500 మిల్లీగ్రాములు. వేరు ఆధారము లేని చోట 2,000 వరకు అనుమతింతురు.

జహీరాబాదు ఎర్రనేలల క్రింద రంధ్రములు గల జంబిట్ట రాయి యున్నది. నీరు అందులో సులభముగా ఇంకును. మంచినీరింకిన బావులకు మేలు, ఉప్పునీరింకిన కీడు. నారింజ వాగు పడమరగా కర్ణాటకములోనికి పోయి, ఆ నీరు చివరకు మంజీర చేరును. ఇచట వదలినది ఇచటనే నిలువదు.

గ్రామస్థులు అడుగవలసిన ప్రశ్నలు

పరిశ్రమలు వలదని మేము చెప్పుట లేదు; ఈ ప్రాంతపు యువకులకు పనులు కావలెను. అయితే పరిశ్రమ లాభమును, ఉప్పు భారమును వేర్వేరు చేతులకు పంచుట న్యాయము కాదు. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ననుసరించి, ఇట్టి ప్రాజెక్టులకు సాధారణముగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపవలెను. కనీసము 30 దినములు ముందుగా ప్రకటన వెలువడవలెను. ఆ సభలో మాటలాడుటకు చదువు అవసరము లేదు. సరియైన ప్రశ్న చాలును. మా దృష్టిలో ఈ ఐదు ముఖ్యములు.

మొదటిది: దినమునకు ఎన్ని లీటర్ల వాడిన నీరు వచ్చును, అందు ఎన్ని కిలోల లవణము లుండును, అవి ఏవి? "శుద్ధి చేయుదుము" అన్న మాట చాలదు. కిలోల లెక్క కావలెను.

రెండవది: మరిగించుటకు కావలసిన వేడి ఎచటినుండి వచ్చును? బొగ్గా, విద్యుత్తా? ఖర్చు పెరిగిన దినమున యంత్రము ఆపివేయరను పూచీ ఏమి?

మూడవది: యంత్రము చెడిపోయినపుడు, వానకాలమున చిక్కటి నీరు ఎచట నిలువయుంచెదరు? పైకప్పు లేని గుంట సమాధానము కాదు. ఉప్పు కుండ పాఠము గుర్తుంచుకొనుడు.

నాల్గవది: చివరకు మిగిలిన ఉప్పు ఎచటికి పోవును? మిశ్రమ లవణము వంటకు పనికిరాదు, సులభముగా అమ్ముడుపోదు, వానలో తడిసిన మరల నీరగును. హైదరాబాదు సమీపమున దుండిగల్ వద్ద నున్నట్టి రక్షిత స్థలమునకు తరలింతురా? లెక్కలు ఎవరు చూతురు?

ఐదవది మనమే చేయవలసినది. కర్మాగారము రాకముందే ప్రతి గ్రామపు బావుల, బోరుల నీటిని పరీక్ష చేయించి, తేదీతో సహా ఫలితమును గ్రామ పంచాయతీ కార్యాలయమున భద్రపరచవలెను. నీటి ఉప్పదనమును విద్యుత్తు ప్రవాహము ద్వారా చూపు చిన్న పరికరము చేతిలో ఇమిడిపోవును; పాఠశాల విద్యార్థులు కూడ దానిని వాడగలరు. వేసవిలో ఒకసారి, వానల పిదప ఒకసారి కొలిచి వ్రాసియుంచిన పుస్తకము, రేపు ఏ అధికారి ముందైనను, ఏ న్యాయస్థానమందైనను సాక్ష్యము చెప్పగలదు. పటాన్‌చెరువు ప్రాంతపు రైతులకు నాడు ఇట్టి పుస్తకము చేతనుండినచో, బావి ముందెట్లుండెనో నిరూపించుట ఎంత సులభమై యుండెడిదో పాఠకులే యోచింపవచ్చును.

టీ దుకాణము వద్ద మేము ఈ సంగతులలో కొన్నిటిని చెప్పగా, ప్రశ్న వేసిన పెద్దమనిషి కొంతసేపు ఆలోచించి, "అయితె సారూ, ఉప్పును నీళ్లల్ల కలుపుడు ఒక్క నిమిషం పని, తీసుడు మాత్రం పెద్ద పని అన్నట్టు" అనెను. ఇంతకంటె క్లుప్తముగా ఉష్ణగతిక శాస్త్రమును మేమును చెప్పజాలము. కలుపక ముందే అడుగుట, కలిపిన పిమ్మట ఏడ్చుటకంటె మేలు.